దుర్యోధనుడి కొలతలు

ఆదివారం పొద్దున్న భీమారావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే ఉప్మా తిన్నాడు. ముందురోజు జరిగింది అలాంటిది మరి. రాయపూర్ తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవ నాటకానికి దుర్యోధనుడి దుస్తులు ఆయన కూతురు ఫణిశ్రీ కుట్టింది. రిహార్సల్లో దుర్యోధనుడు దర్జాగా సింహాసనం మీద కూర్చుని కాలు మీద కాలు వెయ్యగానే పైజామా పర్రుమని చినిగింది. ఎక్కడ చినిగిందో చెప్పక్కర్లేదు. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో భీమారావుతో పనిచేసేవాళ్ళంతా ముందు వరసలోనే ఉన్నారు. కురుసార్వభౌముడు తువ్వాలు చుట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

నాటకం ఈ సాయంత్రమే. అది చాలదన్నట్టు, నాగపూర్‌లో కాస్ట్యూమ్ డిజైన్ కోర్సులో ఫణిశ్రీకి వచ్చిన సీటు నిలవాలంటే తండ్రి సంతకంతో ఫారం రేపటిలోగా అందాలి.

"నాన్నా, ఆ ఫారం..."

"ఏటి ఫారం? కాలనీ అంతా నవ్వింది సాలదా? రైల్వే పరీక్షకి కోచింగ్‌లో సేరు. బస్, ఖతమ్."

"చేరను నాన్నా. విప్పి మళ్ళీ కుడతాను గానీ ఈ పని వదలను."

"దర్జీ పనికి మళ్ళీ ఓ సదువు!"

"పిల్ల నిన్నట్నుంచి సరిగా తిన్లేదు, కాస్త మెల్లగా అనండి" అంది తల్లి పూర్ణిమ వంటింట్లోంచి.

అంతలో చినిగిన పైజామా సంచిలో పెట్టుకుని దుర్యోధనుడే వచ్చాడు. అసలు పేరు వెంకటరత్నం, భీమారావు షాపులోనే వెల్డరు. ఫణిశ్రీ ఆయన్ని నిటారుగా నిలబెట్టి టేపు తీసింది. పేపరు చాటు నుంచి చూస్తున్న భీమారావు ఎంతోసేపు ఓర్చుకోలేకపోయాడు.

"ఆగు. నిలబెట్టే కొలుస్తావేటే?"

"అందరూ అలాగే కొలుస్తారు నాన్నా."

"మేం వ్యాగన్ని ఖాళీగా ఓసారి, లోడెక్కినాక ఓసారి కొలుస్తాం. లోడు పడితే స్ప్రింగులు నొక్కుకుని బండి కిందకి దిగుద్ది. రత్నం, కూకో. కాలు మీద కాలెయ్యి."

"నేనేటి, బొగ్గు బండినా బావా?" అంటూనే కూర్చున్నాడు వెంకటరత్నం.

నిలబడ్డప్పటి కన్నా కొలత నాలుగు అంగుళాలు పెరిగింది. ఫణిశ్రీ నోట్‌బుక్ తెచ్చింది. "ఇంకా ఏం చూస్తారు నాన్నా?"

లోడు పదే పదే పడే చోట మూల వాడిగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుందని, అందుకే మూలని గుండ్రంగా కోస్తారని చెప్పాడు. ఆమె అడుగుతూ రాసుకుంది, ఆయన చెబుతూ పోయాడు. టీ చల్లారిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆ ఇంట్లో ఎవరూ ఆయన పని గురించి అడగలేదు. భీమారావు కూతురి నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని, తాను చెప్పినవన్నీ చదివాడు. కుట్టుపనని తీసిపారేసిన తనదీ చేతిపనే కదా అని సిగ్గేసింది.

మధ్యాహ్నానికి ఫణిశ్రీ పైజామా కాళ్ళ మధ్య గుండ్రటి మూలలున్న అదనపు గుడ్డముక్క వేసి కుట్టింది. వెంకటరత్నం ప్లాస్టిక్ కుర్చీలో పదిసార్లు కూర్చుని లేచాడు. దారప్పోగు కదల్లేదు.

"ఫారం తే" అన్నాడు భీమారావు.

చదువుతూ 'తండ్రి వృత్తి' అన్నచోట ఆగాడు. "రైల్వే ఉద్యోగి అని రాసేవేటి? స్టేషన్ మాస్టరూ రైల్వే ఉద్యోగే. నాను వ్యాగన్ ఫిట్టర్ని."

"అక్కడందరి నాన్నలూ ఆఫీసర్లయి ఉంటారు. ఫిట్టర్ అని రాస్తే..." ఫణిశ్రీ మిగతా మాట మింగేసింది. తన పనిని నాన్న చిన్నచూపు చూశాడని పొద్దుట్నుంచీ కుమిలిపోతోంది. ఆయన పని విషయంలో తాను చేసిందీ అదేనని ఇప్పుడు తెలిసింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"నన్ను క్షమించు నాన్నా."

"ఏడవకే, కాయితం తడిసిపోద్ది" అన్నాడాయన. ఆయన కళ్ళూ చెమర్చే ఉన్నాయి.

ఫణిశ్రీ 'రైల్వే ఉద్యోగి' అన్నది కొట్టేసి, 'వ్యాగన్ ఫిట్టర్' అని పెద్ద అక్షరాలతో రాసింది. భీమారావు దాని కిందే సంతకం పెట్టాడు.