లాంతరు ముందు, మోటారు వెనుక

కామారెడ్డి టేషను వెనుక స్వామిదాసు కొట్టుకు వచ్చిన వస్తువల్లా బాగయ్యేది, ఒక్క స్వామిదాసు తప్ప. ఈ మాట అన్నది ఊరివాళ్లు కాదు, అతనే. కుట్టుమిషన్లు, సైకిళ్లు, పెట్రోమాక్సు దీపాలు... చేతికి ఏది వస్తే దాన్ని విప్పేవాడు. విద్య ఎక్కడ నేర్చావని అడిగితే, "మిషను దవాఖాన డాక్టరమ్మ మోటారు కారు కింద. నీడకని పోయి పండుకున్న, పని అంటుకున్నది" అనేవాడు. అంతా బిగించాక రెండు మరలు మిగిలితే, "కంపెనీవాడు దుబారా మనిషి" అని జేబులో వేసుకునేవాడు.

జనం నవ్వేవాళ్లు. వెట్టి చేసే ఇండ్లలో పుట్టినవాడు దొరల గడీ గడప దాటాలంటే చేతిలో పానా, నోట్లో పరాచికం రెండూ ఉండాలని అతని నమ్మకం. పానా ఎవరినీ ఏమీ చేయలేదు.

ఎల్లారెడ్డికి ఇవతల ఒక పల్లెలో దొరకు పదిహేనేండ్ల నాటి మోటారు ఉంది. నిజాం లెక్కన ఫసలీ పదమూడు వందల నలభై ఎనిమిదో సాలు ఎండాకాలంలో దాని ముందు దీపాల స్విచ్చి చెడిపోయింది. స్వామిదాసు విప్పి చూస్తే లోపలి రాగిరేకు కాలి బొగ్గయి ఉంది. కొత్తది బొంబాయి నుంచి రావాలి. మూడు నెలలు పడుతుంది.

"అందాక చీకట్ల ఎట్ల పోవాలె?" అన్నాడు దొర.

స్వామిదాసు నాలుక ఊరుకోలేదు. "దొరకు మనుషులకేం కరువు? ఒకని చేతికి లాంతరిచ్చి మోటారు ముందట ఉరికియ్యుండ్రి. గాసునూనె తప్ప ఖర్చేముంటది?"

డ్రైవరు కిష్టయ్య పక్కకు తిరిగి నవ్వాడు. దొర నవ్వలేదు. ఆలోచించాడు.

ఆ వారం నుంచే గడీ వెట్టివాడు మైసన్న లాంతరు పట్టుకుని ఉరికాడు. దొర కచ్చురం బండి ముందు ఉరకడం ఊరికి కొత్త కాదు, తాతల నాటి నుంచి ఉన్నదే. కానీ ఎద్దు అలిసిపోతుంది. అలిసినప్పుడు ఆగుతుంది. దాని పుణ్యాన మనిషికీ ఊపిరి తిరుగుతుంది. మోటారు అలవదు. లింగంపేట దాటాక ఒక రాత్రి లాంతరు కింద పడింది, వెంటనే మైసన్న పడ్డాడు, మళ్లీ లేవలేదు. రొమ్ము పగిలి పడ్డాడో, చక్రం తగిలి పడ్డాడో ఎవరూ చూడలేదు. చూడడానికి వెలుతురు లేదు.

శ్రావణంలో స్విచ్చి పార్శిలు వచ్చింది.

ఆ పగలు స్వామిదాసు గడీ దర్వాజ దగ్గర చెప్పులు విడిచి, సంచీ భుజాన వేసుకొని లోపలికి పోయాడు. మోటారు పెట్టేది పాత గొడ్ల కొట్టంలో. దాని వాకిట్లో చూరు కింద మైసన్న తమ్ముడు గంగారాం గొంతుక్కూచుని, లాంతరు గాజును బూడిదతో తోముతున్నాడు.

"అన్నా, దీపాలు ఎలుగుతయా?"

"ఎలుగుతయి."

"దీపాలు పెట్టే యాళ్లకు దొర టేషనుకు పోతడట. ఎలగకుంటె నేను ఉరకాలె." గంగారాం తలెత్తలేదు. "అవ్వ పొద్దటిసంది ముద్ద ముట్టలే."

ఇలాంటి చోట వెయ్యడానికి స్వామిదాసు దగ్గర పది మాటలు ఉండేవి. సంచీలో పానాలు వెతికినట్టు వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

కొట్టంలోకి పోయి తలుపు దగ్గరికి వేశాడు, జల్లు లోపల పడకుండా. వాన మబ్బుకు నడిపొద్దే మసక. పాత పేడ వాసన, పెట్రోలు వాసన, తడిసిన తోలు సీటు వాసన. కొత్త స్విచ్చి బిగించి తిప్పాడు. దీపాలు వెలగలేదు.

సరే, పాత మోటారు ముసలి అత్త లాంటిది, మొదటి పిలుపుకే పలకదు. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టాడు. ఒక తీగను మోటారు ఇనుముకు ఆనించి, రెండోదానితో వరసగా చూసుకుంటూ పోయాడు. బ్యాటరీ దగ్గర బల్బు వెలిగింది. స్విచ్చి లోపలికి వచ్చే తీగ దగ్గర వెలిగింది. బయటికి పోయే తీగ దగ్గరా వెలిగింది. ముందు దీపం దాకా కరెంటు నిక్షేపంగా వస్తోంది. దీపం మాత్రం వెలగదు. బల్బులు మార్చాడు. దీపం మొదలు దగ్గర తుప్పు గీకాడు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్లు మండాయి.

వెలగలేదు.

స్విచ్చిని మళ్లీ ఊడదీశాడు. ఊడిన తీగలు అటూ ఇటూ వేలాడుతున్నాయి. బ్యాటరీ తీగ కూడా తీసేశాడు. నేల మీద కూచుని, స్విచ్చిని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది గాసునూనె వాసన. వత్తి మాడుతున్న వాసన.

గంగారాం లాంతరు వెలిగించాడేమో అనుకున్నాడు. తలుపు సందులోంచి చూశాడు. వాకిట్లో లాంతరు ఆరి ఉంది.

వెనక్కి తిరిగాడు. నేల మీద పడేసిన చిన్న బల్బు వెలుగుతోంది. దాని తీగలు రెండూ ఉత్త మట్టిలో ఉన్నాయి.

వెలుగు పెరిగింది. తగ్గింది. మళ్లీ పెరిగింది... తగ్గింది. స్వామిదాసు మొదట అదేమిటో పోల్చుకోలేదు. తర్వాత చెవికి తెలిసింది. కొట్టంలో ఎవరో రొప్పుతున్నారు. ఒక్కో ఊపిరికి ఒక్కో వెలుగు. మోటారు ముందు నుంచి వస్తోంది చప్పుడు... దగ్గరగా... చాలా దగ్గరగా. ఆగకుండా ఆరు కోసులు ఉరికినవాడి రొప్పు.

"మైసన్నా..." అన్నాడు స్వామిదాసు. "నవ్వులకన్నరా. ఉత్తగ నవ్వులకన్న..."

రొప్పు ఆగింది.

ముందు దీపాలు రెండూ భగ్గున వెలిగాయి. స్విచ్చి అతని అరచేతిలోనే ఉంది.

తలుపు తోసుకుని దొర వచ్చాడు, వెనుక కిష్టయ్య. దొర వెలుగును చూశాడు, తృప్తిగా మీసం దువ్వాడు. "శెబాష్. మనోడే నయం, హైద్రాబాదు మిస్త్రీలు ఎందుకు పనికొస్తరు?"

స్వామిదాసు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వేలాడే తీగల సంగతి చెప్పలేదు. చెబితే దీపాలు వెలగలేదని అర్థం. వెలగకపోతే గంగారాం ఉరకాలి. ఎవడు వెలిగిస్తేనేం, వెలిగాయి. పిల్లవాడు బతికాడు.

"గంగారాం ఇంటికి పోవచ్చు గద, దొరా?"

"ఇంటికెందుకు? ఉరుకుతడు."

"దీపాలు ఎలుగుతున్నయి గద..."

"దీపాలు దీపాలే, మర్యాద మర్యాదే." దొర ఓపిగ్గా చెప్పాడు, పిల్లలకు చెప్పినట్టు. "నా మోటారు ముందట మనిషి ఉరుకుడు చూసి సదాశివనగర్ దిక్కు దొరలు ఇద్దరు షురూ చేసిండ్రు. నేను మానుకుంటె వాండ్లు నవ్వరా?"

స్వామిదాసు దొర కాళ్ల ముందు వంగాడు. "నీ బాంచెను దొరా. వాన్ని ఉరికియ్యకుండ్రి. ఈ మోటారు ముందట మైసన్న ఉన్నడు. ఇప్పుడే విన్న. రొప్పుతున్నడు..."

దొర నవ్వాడు. పొట్ట పట్టుకుని, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అరే కిష్టా, విన్నవా? వీని పరాచికాలు ఎప్పటికి పోవు."

కిష్టయ్య ఈసారి నవ్వలేదు.

తీగలు వేలాడుతుండగానే, దీపాలు పెట్టే వేళకు మోటారు కదిలింది. మళ్లీ చెడిపోతే ఉండాలని స్వామిదాసును కిష్టయ్య పక్కన కూచోబెట్టారు. వాన వెలిసింది. బాటకు రెండు వైపులా కప్పలు అరుస్తున్నాయి. దీపాల వెలుగులో గంగారాం వీపు, తడి కాళ్లు, ఊగే లాంతరు. వెనుక సీట్లో దొర కునుకు తీస్తున్నాడు.

"మెల్లగ పోనీ, కిష్టన్నా," అన్నాడు స్వామిదాసు లోగొంతుకతో.

"మెల్లగనే పోతున్న. గేరు మీద చెయ్యి పెట్టి చూడు." కిష్టయ్య పెట్రోలు మీది నుంచి కాలు తీసేసినా వేగం తగ్గలేదు. "మోటారు నా మాట వింటలేదన్నా."

లింగంపేట దాటారు. గంగారాం అడుగు తప్పింది. సర్దుకున్నాడు. మళ్లీ తప్పింది. స్వామిదాసు కిష్టయ్య చేతి మీదుగా వంగి బ్రేకు కడ్డీని రెండు చేతులా పట్టి లాగాడు. మోటారు కీచుమని ఆగింది. గంగారాం బురదలో బోర్లా పడ్డాడు, చక్రానికి జానెడు దూరంలో. గాజు పగిలి లాంతరు ఆరిపోయింది.

అదే క్షణాన ముందు దీపాలు కూడా ఆరిపోయాయి.

స్వామిదాసు దూకి, చీకట్లో తడుముతూ గంగారాం వీపు మీద చెయ్యి పెట్టాడు. ఊపిరి ఉంది. పక్కకు లాగి గట్టుకు ఆనించాడు. ఏడుపు వచ్చినంత పనయింది, ప్రాణం దక్కిందని.

"ఎందుకాగిండ్రు?" వెనుక నుంచి దొర గొంతు.

"గంగారాం పడ్డడు, దొరా."

"పడితె మరి ఆ లాంతరెవరిది?"

స్వామిదాసు తల తిప్పాడు. ఇరవై అడుగుల అవతల, బాట నడుమ, ఒక లాంతరు వెలుగుతోంది. పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

"ఎవడో పెట్టిపోయిండు. మంచిదే," అన్నాడు దొర. "రైలు యాళ్లయితున్నది. స్వామిదాసూ, అది పట్టుకొని ముందట ఉరుకు."

"నేను మిస్త్రీని, దొరా."

"మీ నాయిన మా కచ్చురం ముందు ఉరికిండు. ఉరుకు."

కిష్టయ్య అద్దంలోంచి చూస్తున్నాడు. స్వామిదాసు బురదలో నడిచి లాంతరు దగ్గరికి పోయాడు. చుట్టూ ఎక్కడా అడుగుజాడ లేదు. పిడి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది, చెమటకు తడిసినట్టు జిగటగా ఉంది.

ఏ దీపం చేతికొచ్చినా ముందు చెవి దగ్గర ఊపి చూడడం అతని అలవాటు. ఊపాడు. లోపల నూనె చప్పుడు లేదు. గాజు పైకెత్తి చూశాడు. వత్తి లేదు.

లాంతరు వెలుగుతూనే ఉంది.

వెనుక మోటారు గుర్రుమంది. స్వామిదాసు అక్కడే నిలబడాలనుకున్నాడు. కుడికాలు ముందుకు పడింది. అది తను వేసిన అడుగు కాదు. ఆపుకుందామని చూశాడు...

ఎడమకాలు కూడా పడింది.