నర్మెట్ట దగ్గర మాయమైన ఎకరం

శనివారం పొద్దున తొమ్మిదీ ఇరవై. తొర్రూరులో స్పందన టీ వడకడుతోంది. గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ కేకేశాడు.

పట్టా పాస్‌బుక్ వచ్చింది!

భర్త రమాకాంత్ సంతకం పెట్టేలోపే ఆమె కవరు చింపేసింది. లోపల ఆయన ఫోటో. సగం కళ్లు మూసుకుని నిద్రమొహంతో ఉంది. స్పందన పడీపడీ నవ్వింది.

పెళ్లయి ఆరు నెలలు. అప్పుడే ఎకరం భూమి! బట్టల కొట్టు గల్లా వెనక పెరిగిన రమాకాంత్‌కు అదే మొదటి జాగ. దానికోసం పుట్టింటివాళ్లు పెట్టిన బంగారమంతా ఇచ్చేసింది స్పందన. మెడలో పుస్తెలతాడు మాత్రం మిగిలింది.

"పోదాం పట్టు. మన జాగల టెంకాయ కొట్టొద్దాం" అంది.

పదకొండున్నరకు బైకు నర్మెట్ట దాటి మట్టిగట్టు మీద ఆగింది.

భూమి లేదు.

మే నెలలో ఇద్దరూ చెప్పులు విడిచి నడిచిన నల్లనేల లేదు. ఆమె గుల్లలు ఏరుకున్న చోటు లేదు. అంతా నీళ్లు. ఎండకు తళతళలాడుతున్నాయి. ఒక క్షణం ఎంత బాగుందో అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది.

వాళ్లు మట్టిగట్టనుకున్నది చెరువు కట్ట.

*

"మిస్సింగ్ కేసులు మస్తు చూసిన. ఎకరం మిస్సింగ్ గిదే ఫస్ట్" అన్నాడు ఎస్సై ప్రేమ్‌సింగ్. ఎవరూ నవ్వలేదు. ఆయన ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

నాలుగింటికల్లా ఆయన పిలిపించిన ముగ్గురూ స్టేషన్‌కు వచ్చారు.

మొదటివాడు రాజేశం. రమాకాంత్‌కు మేనమామ, జనగామలో హోల్‌సేల్ వ్యాపారి. కొత్తగా భూములు కొనేవాళ్లను ప్రతి ఆదివారం పొద్దున ఒక హోటల్లో కూర్చోబెట్టి, ఇడ్లీలు పెట్టించి, ఒకరికొకరిని పరిచయం చేసి 'డీల్స్' చెప్తాడు. రెండోవాడు ఆ గ్రూపులో తిరిగే బ్రోకర్ వీరేందర్. మూడోవాడు భూమి అమ్మిన తండా రైతు చత్రు.

"చత్రన్నా, నువ్వు అమ్మింది ఏంది?"

"నా రాళ్లగుట్ట సార్. కంకర మిషన్ పెడ్తరట అన్నరు."

"పాస్‌బుక్‌ల సర్వే నంబర్?"

"గా గుట్టదే."

కాగితాలు నిజమైనవే. వాళ్లు కొన్నది రాళ్లగుట్ట.

"మరి వీళ్లకు చూపిచ్చింది చెరువు శిఖం" అన్నాడు ఎస్సై. శిఖమంటే చెరువు కడుపులోని సర్కారు నేల. ఎండాకాలం చదునుగా, చేనులాగే ఉంటుంది. దాన్ని ఎవరూ అమ్మలేరు. "ఎవరు తీస్కపోయిండ్రు గాడికి?"

"బండి నాదే సార్. దారి మాత్రం రాజేశం సావుకారు చెప్పిండు" అన్నాడు వీరేందర్. "మాది భూపాలపల్లి. గీ దిక్కు చెరువులు నాకేం ఎరుక?"

"ఎంత అబద్ధం!" రాజేశం లేచాడు. "నువ్వు పోనిచ్చిన కాడికి వచ్చిన నేను. పిల్లలతో పాటు నేనూ మోసపోయిన సార్."

"రమాకాంత్, పక్క చేన్లోళ్లను అడగలేదా?"

"మా గ్రూపు రూల్ సార్. డీల్ బయటవడితే వేరేటోడు ఎగరేసుకపోతడని..." రమాకాంత్ మామ వైపు చూశాడు.

ప్రేమ్‌సింగ్ చూపు స్పందన బ్యాగు మీద పడింది. దానికి చిన్న చిన్న గుల్లల దండ వేలాడుతోంది.

"గవి ఏడ దొరికినయమ్మా?"

"ఆ జాగలనే సార్. ముద్దుగున్నయని దారానికి గుచ్చిన."

"నీటినత్తల గుల్లలు గవి. చెరువును బ్యాగుకు కట్టుకుని తిరుగుతున్నవు తల్లీ!" ఆయన నిట్టూర్చాడు. "లోపల ఆ టెంకాయ?"

"మే నెలలనే కొన్నం సార్. బోరు పాయింట్ చూసే తాత కోసం. మామయ్య వద్దన్నడు. రిజిస్ట్రేషన్ అయినంక చూద్దాం, ఇప్పుడైతే ఊరంత తెలుస్తదన్నడు. అందుకే దాచిపెట్టి ఇయ్యాల తెచ్చిన."

అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఆ తాత చేనంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ బోరు వేస్తారు.

ఎస్సై తాపీగా అటు తిరిగాడు. "సావుకారూ, మీ సొంత జాగలకు పాయింట్ చూపిచ్చిన్రా?"

"చూపియ్యకుండ ఎవడన్న కొంటడా!"

మాట నోరు దాటాక రాజేశం ఆగిపోయాడు.

"గదే నేను అడిగేది" అన్నాడు ప్రేమ్‌సింగ్. "జనగామ దిక్కు ధర కంటే ముందు నీళ్లడుగుతరు. నీళ్లు చూడొద్దని ఎవ్వడూ అనడు. ఎవడన్న అన్నడంటే, గాడ నీళ్లొస్తయని వానికి ముందే తెల్సు. పాయింట్ తాత వస్తే కట్ట చూసి ఇది చెరువని నవ్వేటోడు. వీరేందర్‌కు గీ దిక్కు చెరువులు తెల్వయి. జాగ చూపిచ్చిన రోజు చత్రు రానే లేదు. మిగిలింది మీరే."

ఫ్యాను కిర్రుమంటోంది. రాజేశం మెల్లగా నవ్వాడు.

"అయితే ఏంది సార్? టెంకాయ వద్దనుడు ఏ సెక్షన్ కిందికొస్తది? కాయిదంల ఏముందో గదే ఇచ్చినం. సంతకం వెట్టింది వాళ్లు."

ఎస్సై పాస్‌బుక్ మూసి స్పందన చేతికిచ్చాడు.

"కేస్ రాస్త తల్లీ" అన్నాడాయన చివరికి. "కానీ అంతా నోటిమాటనే. కోర్టుల ఎన్నేండ్లు పడ్తదో నాకే తెల్వదు."

రమాకాంత్ తలెత్తలేదు. పెళ్లిపందిట్లో అందరికంటే ముందు తన భుజం తట్టింది ఈ మామే.

*

బయట సన్నగా వాన. ఇద్దరూ బస్‌స్టాప్ రేకుల కింద నిలబడి ఒకే పొట్లంలో మిర్చీ బజ్జీలు తిన్నారు. వేడివేడిగా ఉన్నాయి. ఈ పూట కూడా రుచి తెలుస్తున్నందుకు స్పందనకే ఆశ్చర్యమేసింది.

టెంకాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. నీళ్లన్నీ ఇంకిపోయాయి.

"బంగారం రాదు గదా?" అంది.

రమాకాంత్ చివరి మిర్చీ ఆమెకిచ్చాడు.

"రేపు ఆదివారం. మీటింగ్ ఉందా?"

"ఉంది. కొత్త జంట ఒకటి వస్తదట. మామ పొద్దుననే గ్రూపుల వెట్టిండు."

స్పందన బ్యాగుకున్న దండ తెంపింది. గుల్లలన్నీ పొట్లం కాగితంలో పోసి మడిచింది.

"రేపు ఎనిమిదింటికి, ఇడ్లీలు రాకముందే మనం ఆడుండాలె. గుల్లలు ఆ కొత్త జంట చేతుల నేను పెడ్త, పాయింట్ చూసినంకనే కొనమంట. పాయింట్ తాతను బండిమీద ఎక్కించుకపోదాం."

"ముగ్గురం పడ్తమా?"

"పడ్తం. నువ్వు పొద్దుగాల్నే పెట్రోల్ కొట్టియ్యి. నేను నీళ్లున్న టెంకాయ కొంట."