గుమ్మంలోనే నిలబడ్డ అల్లుడు

"గొంతు మీద కత్తి ఉంది, కదలకు," అన్నాడు బార్బర్. "నీ భార్య గుట్టు బయటపడింది."

కుర్చీలో ఉన్నది ఏజెంట్ ఊసరవెల్లి. వేషం కట్టి ఇంటికెళ్తే కన్నతల్లే గుర్తుపట్టక ఇంటద్దె అడిగిందని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. బార్బర్ వేషంలో ఉన్నది అతని చీఫ్.

"ఎవరు పసిగట్టారు, సర్?"

"దొరే. మధ్యాహ్నం లంచ్‌కని బూడిదరంగు కారులో తీసుకెళ్తాడు. ఎక్కిందంటే దిగదు. నువ్వు రెడ్ సిగ్నల్ ఇవ్వాలి. ఆమె పక్కకు తప్పుకున్నాకే మనవాళ్ళు మీద పడతారు. ముందే కదిలితే మొదటి తూటా ఆమెకే."

మనవాళ్ళంటే పక్క కుర్చీల్లో మొహాన సబ్బు నురగతో కూర్చున్నవాళ్ళు. దొరంటే పరాయిదేశపు ముఠాకు నాయకుడు, పైకి మాత్రం సెంటు షాపు ఓనర్. ఊసరవెల్లి భార్య ఆ షాపులో మేనేజర్. పట్టుచీరలో కౌంటర్ దగ్గర నిలబడితే సెంటు అక్కర్లేనివాడు కూడా సీసా కొనుక్కుపోతాడు. ముఠాకు ఆమె నమ్మినబంటు, నిజానికి డిపార్ట్‌మెంట్ పెట్టిన డబుల్ ఏజెంట్. హ్యాండ్‌బ్యాగులో ఆమెకొక పౌడర్ డబ్బా ఉంది. దాని అద్దం ఎర్రబడితే పారిపొమ్మని అర్థం. అద్దాన్ని ఎర్రబరిచే కోడ్ ఊసరవెల్లి లాప్‌టాప్‌లో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

సెంటు షాపుకు ఎదురుగా, సెలూన్ పక్కనే లాండ్రీ. దాని పైగదిలో అతను లాప్‌టాప్ తెరిచాడు. శత్రువు గాలిలోంచి దూరతాడన్న భయంతో డిపార్ట్‌మెంట్ లోపలి వైఫై కార్డులను పట్టకారుతో పీకించేసింది. సెల్‌ఫోన్లు నిషేధించింది. బదులుగా గోరంత యూఎస్‌బీ అడాప్టర్ ఇచ్చింది. గుచ్చితే నెట్, పీకితే మౌనం.

గుచ్చాడు. దీపం వెలగలేదు. పీకి, ఊది, మళ్ళీ గుచ్చాడు. రెండో పోర్టులో పెట్టాడు. రీస్టార్ట్ చేశాడు. గోరంత డబ్బా గుండ్రాయిలా కూర్చుంది.

నిన్న లైనక్స్ అప్‌డేట్ చేశాడు. దాని గుండెకాయలాంటి కెర్నెల్ కొత్తది వచ్చింది. అంతే, ఇంకేమీ మారలేదు.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికొచ్చి, ఇస్త్రీ బల్ల మీద పెట్టి, లాండ్రీ ఫోన్ అందుకున్నాడు. డిపార్ట్‌మెంట్ హెల్ప్‌డెస్క్‌లో ఉన్నది సొంత బావమరిది. అక్క సెంట్లమ్ముకుంటుందనే అతనికి తెలుసు. ఫోన్లకు చెవులుంటాయి గనుక సామాన్ల పేర్లు పలకకూడదు. అడాప్టర్‌కు కోడ్ వర్డ్ అల్లుడు, కెర్నెల్‌కు అత్తవారిల్లు.

"చెప్పు బావా."

"అల్లుడొచ్చాడు. కొత్తింటివాళ్ళు లోపలికి రానివ్వట్లేదు."

"గుమ్మం దాకైనా వచ్చాడా?"

"వచ్చాడు. పరికరాల... చుట్టాల లిస్టులో పేరుంది. పలకరించే దిక్కు లేదు."

"దానికింత ఏడుపెందుకు? పాతింటికి పంపెయ్. వాళ్ళకి అలవాటైన మనిషేగా."

"పాతిల్లు లేదురా. నిన్ననే పడగొట్టేశాను."

"నిక్షేపంలాంటి ఇల్లు పడగొట్టుకుంటారా ఎవరైనా?"

"ఆనవాళ్ళు మిగలకూడదని."

కొత్త కెర్నెల్ మొరాయిస్తే పాతదాంతో బూట్ చేసుకోవడం ఎవరైనా చేసే పనే. కానీ ఊసరవెల్లి తాగిన గ్లాసు మీద వేలిముద్రలు తుడిచే మనిషి. అప్‌డేట్ కాగానే పాత కెర్నెల్‌ను నామరూపాల్లేకుండా చెరిపేశాడు. ఆ పూట తన శుభ్రతకు తానే మురిసిపోయాడు కూడా.

"అయితే కొత్త మధ్యవర్తిని తెప్పించుకో," అన్నాడు బావమరిది. మధ్యవర్తంటే అడాప్టర్‌కూ కెర్నెల్‌కూ మాట కలిపే డ్రైవర్ ప్రోగ్రాం.

"ఎక్కణ్ణించి తెప్పించను?"

డ్రైవర్ వస్తే గానీ నెట్ రాదు, నెట్ వస్తే గానీ డ్రైవర్ రాదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

ఇస్త్రీ చేస్తున్నావిడ పెట్టె పక్కన పెట్టింది. "అల్లుణ్ణి గుమ్మంలో నిలబెట్టారా? ఏం మనుషులండీ. ఇంతకీ అమ్మాయేమంటోంది?"

"అమ్మాయికింకా తెలీదండీ," అన్నాడు ఊసరవెల్లి, రోడ్డవతలి అద్దాల్లోకి చూస్తూ.

అప్పుడే బూడిదరంగు కారు వచ్చి ఆగింది. దొర స్వయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఊసరవెల్లి భార్య నవ్వుతూ మెట్లు దిగుతోంది. కేకేస్తే దొర చెయ్యి కోటు జేబులోకి పోతుంది. పరిగెత్తినా అంతే. ముప్ఫై వేషాలు తెలిసిన మనిషి, ఇస్త్రీ బల్ల ముందు చేతకాని మొగుడిలా నిలబడిపోయాడు.

"బావా, ఒకటి చెయ్," అన్నాడు బావమరిది తాపీగా. "అసలు వాళ్ళు అల్లుణ్ణి ఎవరనుకుంటున్నారో కనుక్కో."

సిస్టమ్ లాగ్ తెరిచాడు. చివరి లైను చూసి కళ్ళు నులుముకున్నాడు. "సీడీ డ్రైవ్ అనుకుంటున్నార్రా." కోడ్ వర్డ్ గుర్తే రాలేదు.

"అదీ సంగతి. వాడు మారువేషంలో వస్తాడు. పాతింట్లో వేషం వాళ్ళే విప్పించేవాళ్ళు. కొత్తవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఈజెక్ట్ కొట్టు, విప్పేస్తాడు."

ఆమె ఒక కాలు కారులో పెట్టింది. ఏ కారెక్కే ముందైనా అద్దం చూసుకోవాలని ఆమెకు ట్రైనింగ్. పౌడర్ డబ్బా తీసింది. చూసింది. అద్దం మామూలుగానే ఉంది.

సీడీని బయటికి నెట్టే ఈజెక్ట్ కొట్టాడు. అడాప్టర్ దీపం పచ్చగా వెలిగింది. కనెక్ట్ అవుతోంది... అవుతోంది... చక్రం తిరుగుతూనే ఉంది.

ఆమె మూత సగం మూసింది.

కనెక్టెడ్. ఊసరవెల్లి ఎంటర్ మీద పిడికిలితో గుద్దాడు. మూత సందులోంచి ఎర్రటి మెరుపు ఒక్కసారి మెరిసింది. వెంటనే లింక్ తెగింది, దీపం ఆరింది. ఇక ఎంత గుద్దినా లాభం లేదు.

ఆ ఒక్క మెరుపూ చాలింది. "లంచ్‌కి వెళ్తూ సెంటు కొట్టుకోరా, సర్?" అంటూ ఆమె శాంపిల్ సీసాను దొర కళ్ళలోకి నొక్కి, చీర కుచ్చిళ్ళెత్తి రోడ్డు దాటింది. మొహాన సబ్బు నురగతో నలుగురు మగాళ్ళు పరిగెత్తుకొచ్చి దొరను కారు బానెట్ మీద బోర్లా పడేశారు.

ఆమె లాండ్రీలోకి వచ్చి, రొప్పుతూ దుప్పట్ల మూట మీద కూలబడింది. ఊసరవెల్లి ఫోన్‌తో సహా పక్కనే చతికిలబడ్డాడు. ఫోన్‌లో బావమరిది ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"బావా, ఉన్నావా? అల్లుడు లోపలికొచ్చాడా?"

"వచ్చాడు. వచ్చి పోయాడు."

"పోతే పోనీ, రేపు తీరిగ్గా చూద్దాం. గోరంత డబ్బాకి కొంప మునిగినట్టు వణికిపోతావేంటి? మా అక్కని చూసి నేర్చుకో. హాయిగా నీడపట్టున సెంట్లమ్ముకుంటోంది."