తెగని పోగు

పొట్టికి ఏదో గాలి సోకిందని పక్కింటి పిన్ని కుళాయి దగ్గర అందరితో అన్నదట. సెలవు పూట పొద్దుటి నుంచీ గదిలో ఒక్కతే కూర్చుని ఎవరితోనో వాదించుకుంటోందట. గోడ అవతలికి ఆ పిల్ల గొంతే తప్ప ఎదుటివాళ్ళ గొంతు వినబడడం లేదట.

బిందె దించుతూ అమ్మ ఆ మాట చెప్పి నవ్వింది. పొట్టికి నవ్వు రాలేదు. అమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని మళ్ళీ వాయిస్ మెసేజ్ నొక్కింది.

"అవి పిచ్చుకలే. మగదానికి గొంతు కింద నల్లమచ్చ ఉంది. ఇందాకా చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను."

సంగతేమిటంటే, బడిలో సైకిల్ షెడ్డు గొట్టంలో పిచ్చుక గూడు కట్టింది, పిల్లల్ని కూడా చేసింది. రేపు షెడ్డుకి రంగులు వేస్తారు. ముందు గొట్టాలన్నీ తోమేస్తారు.

పొట్టి నిన్ననే పరుగున వెళ్ళి సైన్స్ టీచర్‌కి చెప్పింది. "నువ్వొక్కదానివే చూశావంటే హెడ్మాస్టరుగారు వినరమ్మా. ఇంకొకరు కూడా చూసి నాతో చెబితే మాట్లాడతాను" అంది టీచర్.

అందుకే ఎవరైనా వచ్చి చూడండని క్లాసు గ్రూపులో పెట్టింది పొట్టి. వెంటనే ప్లీడరు పట్టుకున్నాడు. మాటకు మాట అడ్డం వేస్తాడని క్లాసంతా వాణ్ణి అలాగే పిలుస్తుంది.

"అవి పిచ్చుకలేనని నీకెలా తెలుసు?" అని టైపు చేశాడు. వాయిస్ మెసేజ్‌లో చెప్పింది.

"లోపల పిల్లలున్నాయనడానికి రుజువేంటి?" ఫోటోలో గొట్టం చీకటి తప్ప ఏమీ పడలేదు, అందుకని నిన్న రికార్డు చేసిన కిచకిచలు పెట్టింది.

"ఆ చప్పుడు ఆ గూట్లోదేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు.

పొట్టి విసుక్కుంటే, "కోపం దేనికి? మర్యాదగానే అడుగుతున్నా కదా. తెలుసుకోవడం తప్పా?" అన్నాడు.

తప్పు కాదే అనుకుంది పొట్టి. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. జవాబులు పొడుగవుతున్నాయి, ప్రశ్నలు తరగడం లేదు. మిగతావాళ్ళంతా చూస్తున్నారు. ఒక్కరూ నోరు విప్పరు. నిండు బస్సులో ఎవరూ జరిగి చోటివ్వకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది పొట్టికి.

కంచంలో అన్నం చల్లారిపోయింది.

అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఒక చొక్కా మడత విప్పింది. "కుట్టించుకున్నాయన మళ్ళీ వెనక్కి పంపాడే. భుజం బిగుతట."

"మళ్ళీ కుడతావా?"

"ఆగు, చూడనీ." అమ్మ చొక్కా చేతిలోకి వేళ్ళు దూర్చింది. "కుట్టి ఇచ్చేముందు ఇక్కడ అడ్డంగా ఒక పోగు వేస్తాను. తొడుక్కుంటే పుటుక్కున తెగుతుంది. చూడు, తెగిందా?"

"తెగలేదు."

"తొడగని చొక్కాకి బిగుతెక్కడిదే? తొడుక్కుని చెప్పినవాళ్ళకి పదిసార్లయినా విప్పి కుడతా. ఈయనకి కావలసింది చొక్కా కాదు, వంక." చొక్కా మడతపెట్టి పక్కన పడేసింది.

పొట్టి ఫోను వైపు చూసింది. గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ ఎవరెవరు విన్నారో ఫోనే చూపిస్తుంది. ఒక్కొక్కటే నొక్కి చూసింది.

నల్లమచ్చ సంగతి ప్లీడరు వినలేదు. కిచకిచలు వినలేదు. పొద్దుటి నుంచి ఒక్కటంటే ఒక్కటి వినలేదు.

అన్నీ విన్నది మాత్రం కళ్ళద్దాల పిల్ల. కిటికీ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడని పిల్ల.

పొట్టి మెసేజులు పైకి జరిపింది. ప్లీడరు ప్రశ్నల మధ్య ఆ పిల్ల రాసిన మాట ఒకటి నలిగిపోయి కనబడింది. "నేనొచ్చి చూడొచ్చా? ఏ గొట్టం?"

ఎప్పుడో పొద్దున అడిగింది. దానికి తను బదులే ఇవ్వలేదు.

"గేటు పక్క గొట్టం. ఇప్పుడే రా" అని రాసి పొట్టి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"తిని పోవే!"

"వచ్చి తింటానమ్మా!"

షెడ్డు కింద ఇద్దరూ మెడలెత్తి నిలబడ్డారు. గొట్టం అంచున చిన్న చిన్న పసుపు నోళ్ళు తెరుచుకున్నాయి. కళ్ళద్దాల పిల్ల అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నువ్వు పలక్కపోతే, నాతో మాట్లాడటం ఇష్టం లేదనుకున్నా" అంది మెల్లగా.

"నీ ప్రశ్న చూడనే లేదు. తప్పు నాదే" అంది పొట్టి.

టీచర్‌కి ఫోను కలిపి ఆ పిల్ల చేతికిచ్చింది.

"నేనూ చూశాను టీచర్. పిల్లలున్నాయి" అంది కళ్ళద్దాల పిల్ల.

"అయితే ఇప్పుడే హెడ్మాస్టరుగారితో మాట్లాడతా. ఆ గొట్టం జోలికి ఎవర్నీ రానివ్వను" అంది టీచర్.

ఫోను పెట్టేసేసరికి గ్రూపులో ప్లీడరు సిద్ధంగా ఉన్నాడు. "ఏం, జవాబు లేదా? అంటే అబద్ధమేగా?"

పొట్టి మైకు మీద వేలు పెట్టబోయి ఆగింది. టైపు చేసింది.

"నేను పంపినవాటిలో నువ్వు ఒక్కటీ వినలేదు. ముందు విను, తర్వాత అడుగు."

చూసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పెరిగాయి. చివరికి ప్లీడరు పేరూ చేరింది.

పొట్టి ఫోను మూసి అన్నం తినడానికి ఇంటికి బయల్దేరింది.