నేను తిప్పి దాచిన పన్ను

“ఆ యంత్రం లేకపోతే పిప్పిపన్ను కనిపించదా మాస్టారూ?”

దంతవైద్య కళాశాలలో స్కానింగ్ నేర్పడానికి నేను అడుగుపెట్టిన మొదటి రోజు, నాతో కలిసి క్లాసు తీసుకోవలసిన లెక్చరరమ్మ అన్న మొదటి మాట అది. ఆమె చేతిలో చిన్న అద్దం, సన్నటి కొక్కెం. వెనక విద్యార్థుల ముసిముసి నవ్వులు.

“కనిపిస్తుందండీ. కాకపోతే కాస్త ఆలస్యంగా.”

“అయితే నా నోరే స్కాన్ చేయండి. ఒక్కటి చూపిస్తే ఒట్టు!” అంటూ వెళ్ళి కుర్చీలో వాలిపోయింది.

స్కానర్ కొన జరుగుతుంటే గోడమీది తెరపై పళ్ళు ఒక్కొక్కటే మొలుచుకొచ్చాయి. ఆమె తెరను కాదు, నన్నే చూస్తోంది. గెలిచేశానన్నట్టు కళ్ళెగరేసింది కూడా.

సరిగ్గా అప్పుడే, కుడివైపు కింద, రెండు పళ్ళు ఒరుసుకునే చోట తెల్లటి చుక్క మెరిసింది. ఆ స్కానర్ వెలుగులో పంటి పైపొర, గట్టి ఎనామెల్, నల్లగా ఉంటుంది. పుచ్చు మొదలైన చోటే అలా మెరుస్తుంది.

ఎవరూ గమనించేలోపు బొమ్మను ఎడమవైపుకి తిప్పేశాను.

“మేడమ్‌వి ముత్యాలండీ!” అన్నాను. ఒకటే చప్పట్లు.

సాయంత్రం ఆమె ఆ ఫైలు తెరిచి చూసుకుందట. విసవిసా నా గదికి వచ్చింది.

“ఎందుకు దాచారు?”

“అందరిముందూ చిన్నబోతారని...”

“నేను చిన్నబోతే సాయంత్రానికి తేరుకుంటాను. నా పన్ను తేరుకుంటుందా? రేపు ఈ పిల్లలూ మీలాగే మొహమాటపడితే రోగుల గతేంటి? ఇక మీ మాట నేనెలా నమ్మను?”

ఆ చివరి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు క్లాసులో అదే బొమ్మ పెట్టి, కుడివైపుకి తిప్పాను. “నిన్న మీకు తప్పు చెప్పాను. ఇది దాచాను.”

ఆమె ఆశ్చర్యంగా నన్ను చూసి, లేచి నిలబడింది.

“ఆ పన్ను నాదే. ఎక్స్‌రే కూడా తీయించాను. ఇంకా ఎనామెల్ దాటలేదు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. ఫ్లోరైడ్ పూత, రోజూ పళ్ళ సందుల్లో దారం. ఆరు నెలలకి మళ్ళీ స్కాన్. రాసుకోండి!”

ఆ ఆరు నెలలూ క్యాంటీన్‌లో ఆమెతోపాటు నేనూ చక్కెర లేని కాఫీయే తాగాను. ఎందుకని ఆమె అడగలేదు.

మళ్ళీ స్కాన్ రోజు వచ్చింది. గదిలో మేమిద్దరమే.

“మీ దగ్గర ఏదీ దాచకూడదనుకున్నాను. ఒకటి మిగిలిపోయింది,” అన్నాను గబగబా. “మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా?”

“ఆ... ఆఁ...” అంది.

అది ఔనో, కోపమో! అప్పుడు చూసుకున్నాను, స్కానర్ ఇంకా ఆమె నోట్లోనే ఉంది. కంగారుగా తీసేశాను.

“నోట్లో యంత్రం పెట్టి పెళ్ళి మాటలేంటండీ? ముందు చుక్క చూపించండి!”

పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టాను. “పెరగలేదండీ.”

“నిజంగా?”

“ఎటు కావాలంటే అటు మీరే తిప్పి చూసుకోండి.”

మౌస్ అందుకోబోయి ఆగిపోయింది. గట్టిగా ఊపిరి వదిలింది.

“అక్కర్లేదు. నమ్ముతున్నాను.”

“దేన్ని?”

“రెండింటినీ!”

నా ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళయి ఇవాళ్టికి ఇరవై రోజులు. పొద్దున్నే శ్రీమతిగారు అద్దం, కొక్కెం పట్టుకుని నా నోరు తెరిపించింది.

“శ్రీవారూ, మీకు రెండు పిప్పిపళ్ళున్నాయి,” అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా.