ఒక్క కీకే లేచిన ఇంజన్

శవం పొట్టోడి లారీ కింద దొరికింది.

ఉదయం ఆరున్నర. లారీల షెడ్డు యజమాని వెల్లకిలా పడి ఉన్నాడు. తల ఎడమపక్క చితికిపోయింది. జుట్టూ నెత్తురూ కలిసి గడ్డకట్టాయి.

ఇన్‌స్పెక్టర్ గేటు దాటేసరికి శవాన్ని పట్టించుకునేవాడే లేడు. డ్రైవర్లంతా కలిసి ఒక మనిషిని చావబాదుతున్నారు. గొలుసులు. బూట్లు. ఒకడి చేతిలో జాకీ రాడ్డు. కింద మంచు ఎర్రటి బురదయింది.

ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ తీసి గాల్లోకి పేల్చింది.

"ఇంకో దెబ్బ పడిందా, ఈసారి గాల్లోకి కాల్చను!"

గొలుసు ఒకటి ఘల్లుమని జారిపడింది. గుంపు వెనక్కి జరిగింది.

కింద పడి ఉన్నవాడే పొట్టోడు. ఆ షెడ్డులో డ్రైవరు. కుడి కన్ను ఉండాల్సిన చోట నెత్తుటి ముద్ద. ఊపిరి తీస్తుంటే పెదవుల మీద ఎర్రటి బుడగలు. అతని భార్య ఎదురింట్లోంచి పరుగెత్తుకొచ్చి తల ఒళ్లో పెట్టుకుంది.

"వీడే చంపాడు మేడం!" అన్నాడు యజమాని బావమరిది, రొప్పుతూ. షెడ్డు వ్యవహారాలన్నీ చూసేది అతనే. పిడికిళ్ల మీద చర్మం లేచిపోయింది. "నిన్న మా బావకీ వీడికీ పెద్ద గొడవైంది. శవం వీడి బండి కిందే దొరికింది. ఇంకేం కావాలి?"

"ముందు ఇతను బతకాలి. ఏ బండి కదులుతుంది?"

డ్రైవర్లు వరసగా ఆగి ఉన్న లారీల వైపు చూశారు.

నిన్న సాయంత్రం మంచుతుఫానుకి కరెంటు పోయింది. ఇంకా రాలేదు. ఇంజన్లను రాత్రంతా వెచ్చగా ఉంచే హీటర్లు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ జీపు కూడా మొరాయిస్తే పక్కవీధి స్టేషన్ నుంచి కానిస్టేబుల్‌తో నడిచొచ్చింది.

"చూస్తారేం? ప్రయత్నించండి!"

డ్రైవర్లు పరుగెత్తారు. మొదటి బండి మూలిగి ఊరుకుంది. రెండోది దగ్గి దగ్గి, తెల్లటి పొగ కక్కి చచ్చింది. మూడోదానిలో చప్పుడే లేదు.

"ఆ మూల ఉన్నదో?"

"అదీ లేవదు మేడం," అన్నాడు బావమరిది. "నిన్న మధ్యాహ్నం నుంచి కదల్లేదు. ఊరికే బ్యాటరీ చచ్చిపోతుంది."

పొట్టోడి భార్య లేచింది.

"చచ్చేది నా మొగుడురా!"

బావమరిది నడుముకి వేలాడుతున్న తాళాల గుత్తి ఒక్క గుంజు గుంజింది. లారీ ఎక్కి కీ తిప్పింది.

ఒక్క కీ. ఇంజన్ గుర్రున లేచింది.

"అదృష్టవంతుడు!" అన్నారెవరో. పొట్టోణ్ణి భార్య పక్కన క్యాబిన్‌లో పడుకోబెట్టారు. ఒక డ్రైవరు స్టీరింగ్ పట్టాడు. ఇన్‌స్పెక్టర్ లారీ పొగగొట్టం వైపే చూస్తూ నిలబడింది. కానిస్టేబుల్ చెవిలో ఏదో చెప్పి, అతన్ని లారీ వెనక తొట్టిలోకి ఎక్కించింది.

లారీ వెళ్లిపోయింది.

మిగిలినవాళ్లని ఆఫీసు గదిలోకి రమ్మంది. అప్పటికి యజమాని భార్య కూడా వచ్చింది. శాలువా కళ్ల దాకా చుట్టుకుని, తమ్ముడికి దూరంగా కూర్చుంది.

"శవాన్ని ముందు చూసిందెవరు?"

"నేనే," అన్నాడు బావమరిది.

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. పొద్దున్నే నడిచొచ్చాను."

"గేటు తాళాలు?"

"బావ దగ్గరొకటి, నా దగ్గరొకటి."

"మరి పొట్టోడు లోపలికెలా వచ్చాడు?"

"బావే తీసుంటాడు."

"గొడవపడ్డవాడికి? అర్ధరాత్రి?"

ఆమె డ్రైవర్ల వైపు తిరిగింది.

"గొడవ దేనికి?"

ఒక ముసలి డ్రైవరు నేలచూపులు చూశాడు. "యజమాని ఇక్కడే... అమ్మగారి మీద చెయ్యి చేసుకున్నాడు మేడం. పొట్టోడు అడ్డం వెళ్లాడు."

బావమరిది తలెత్తాడు. పొట్టోడు అడ్డం వెళ్లిన సంగతి అతనికి తెలియదని మొహమే చెప్పింది.

"మూడు బండ్లు ఎందుకు లేవలేదు?" అనడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఈ చలికి డీజిలు కొబ్బరినూనెలా పేరుకుపోద్ది మేడం. హీటర్ లేకపోతే లేవవు," అన్నాడు ముసలి డ్రైవరు.

"నాలుగోది లేచిందే?"

"దానికి నిన్ననే కొత్త బ్యాటరీ వేయించాను," బావమరిది గబగబా అందుకున్నాడు.

"బ్యాటరీ ఇంజన్ని తిప్పుతుంది. డీజిల్ని కరిగించదు." ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "సరే, ఎలాగో లేచిందనుకుందాం. చల్లటి ఇంజన్ లేస్తే తెల్లపొగ కక్కుతుంది. దానికి చారెడు పొగ కూడా రాలేదు. ఎందుకంటే అది వేడిగా ఉంది. తెల్లవారుజామున ఎవరో ఎక్కడికో తోలి తెచ్చారు. తాళం నీ నడుముకి ఉంది. లేవదని అడ్డుపడిందీ నువ్వే."

అప్పుడే ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి కానిస్టేబుల్.

"లారీ తొట్టిలో టార్పాలిన్ కింద వీల్ పానా దొరికింది మేడం. వెంట్రుకలు అంటుకున్నాయి. పలకల సందుల్లో నెత్తురు గడ్డకట్టింది."

"పొట్టోణ్ణి తొట్టిలో ఎక్కించలేదు," అంది ఆమె ఫోన్ పెట్టేసి. "ఆ నెత్తురు ఎవరిది?"

బావమరిది గోడకి చేరగిలబడ్డాడు.

"నిన్న రాత్రి అక్క మొహం చూశాను. దవడ విరిగింది. ఇంజన్ వేడి ఆరకముందే, బండి ఒకటి దారిలో ఆగిపోయిందని చెప్పి బావని ఆ లారీలో తీసుకెళ్లాను. మొదటి దెబ్బకే పడ్డాడు. అయినా నా చెయ్యి ఆగలేదు. తెల్లారేముందు తెచ్చి పొట్టోడి బండి కింద పడేశాను." అక్క వైపు చూశాడు. "నీకోసమే అక్కా!"

అక్క శాలువా కిందికి లాగింది. మొహం సగం నల్లగా వాచి ఉంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఆయన్ని నాకోసమే చంపావంటే నమ్ముతానురా. పొట్టోణ్ణి ఎవరికోసం కొట్టించావు?"

ఇన్‌స్పెక్టర్ అతనికి బేడీలు వేసింది.

వాంగ్మూలాలు రాసుకోవడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. మళ్లీ ఫోన్. పొట్టోడికి ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు. కన్ను మాత్రం పోయింది.

డ్రైవర్లు ఊపిరి పీల్చుకుని, ఒక్కొక్కరే తలుపు వైపు కదిలారు.

"ఎక్కడికి?" అంది ఇన్‌స్పెక్టర్. "యజమానిని చంపింది ఇతనొక్కడే. ఆ కన్ను తీసింది ఎవరు?"

ముసలి డ్రైవరు రెండు చేతులూ ముందుకు చాచాడు.

"గొలుసు నాదే మేడం."