సీసాలో బుడగలు

"చేత్తో ముట్టుకోకండి!"

అతని అరుపుకి ఆమె చేతిలోని లోహపు ముక్క టంగున కిందపడింది.

"ముక్కేగా, కరుస్తుందా?"

"మీ వేలి జిడ్డు చాలండీ, నా టెస్టు తగలబెట్టడానికి."

అదీ అతని ల్యాబ్‌లో వాళ్ల తొలి పరిచయం. ఆమె రాకెట్ ట్యాంకుల డిజైనర్. ఆ ట్యాంకుల్లో నిల్వ ఉంచే పెరాక్సైడ్ ఇంధనానికీ, ట్యాంకు లోహానికీ పడుతుందో లేదో తేల్చడం అతని పని. లోహపు ముక్కని పెరాక్సైడ్ సీసాలో ముంచి ఉంచుతాడు. పడితే సీసా నిమ్మళంగా ఉంటుంది. పడకపోతే బుడగలు. సీసాలో బుడగలంటే ట్యాంకులో పేలుడే.

ఆమె తెచ్చింది రాగి కలిపిన కొత్త అల్యూమినియం. తేలిక, గట్టి. నెగ్గితే ఆమె ట్యాంకు తయారవుతుంది. ఓడితే ప్రాజెక్టు మూత. ఆమె ఎక్కడో దూరాన ఉన్న తన పాత ఫౌండ్రీకి, లోహాలు పోతపోసే చోటికి, తిరుగుటపా.

రోజూ తొంగిచూసేది.

"సీసాల సారూ, మావాడెలా ఉన్నాడు?"

"బుద్ధిగా ఉన్నాడండీ. మీకంటే నయం."

ఆమె పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం అతని చూపులు తలుపుకే అతుక్కుపోయేవి.

ఒకరోజు పొద్దున్నే చూస్తే, ముక్క చుట్టూ సన్నటి బుడగలు.

"నేనే సరిగ్గా కడిగుండను. మళ్లీ చేద్దాం," అన్నాడామెతో.

కొత్త ముక్కని యాసిడ్‌లో కడిగి, పటకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి సీసాలోకి దించాడు.

మళ్లీ బుడగలు. ఈసారి ఇంకా ముందే.

ఆమె సీసా మీంచి చూపు తిప్పలేదు. "ఫెయిల్ అని రాయకపోతే?"

"ట్యాంకు నింపేవాళ్లు దాని పక్కనే నిలబడతారండీ."

"తెలుసు. రాయనంటే నేనే మిమ్మల్ని తిట్టేదాన్ని."

అతను రాశాడు.

వెళ్లేరోజు భుజాన సంచితో వచ్చింది. బయట వాన. వానలో జీపు.

"తప్పు నాదైతే బాగుండునని ఇంతగా ఎప్పుడూ అనుకోలేదు," అన్నాడు.

"ఎందుకో?"

"మీరు రోజూ రావాలని. మీరంటే ఇష్టమండీ నాకు."

ఆమె నవ్వబోయింది. పెదవులు మాట వినలేదు.

అతను గ్లవ్ లాగేసి చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దన్నది మీరేగా!" అంటూనే ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "ఇప్పుడా చెప్పడం, సీసాల సారూ? జీపు వచ్చాకా?"

హారన్ మోగింది. వదల్లేదు.

మళ్లీ మోగింది. వదిలింది.

ఆ రోజంతా అతను ఆ గ్లవ్ తొడుక్కోలేదు. ఏ సీసానీ ముట్టుకోలేదు.